ఊరు మారడం సరే, మార్చింది ఎవరు?

ఈ నెల ఉత్తరాలు విప్పితే ఎక్కువమంది ఒకే సంగతి రాశారు. ఊరు మారుతోంది, ఊరితో పాటు మన అలవాట్లు, మాట తీరు, ఒకరింటికి ఒకరు వెళ్లడం అన్నీ మారిపోతున్నాయి, ఇది మంచికా చెడుకా అని. కొందరు బాధపడుతూ రాశారు, కొందరు కోపంగా రాశారు, ఒకరిద్దరు "ఇంకా ఎన్నాళ్లు ఈ ఏడుపు" అని విసుక్కున్నారు కూడా. అందుకే మిగతా ప్రశ్నలన్నీ పక్కనపెట్టి ఈసారి పేజీ మొత్తం దీనికే ఇచ్చేస్తున్నాను. పేరు వేయొద్దని చాలామంది అడిగారు కాబట్టి ఎవరి పేరూ వేయడం లేదు.

ప్రశ్న: నేను రిటైరైన టీచర్ని. మా ఊరికి రోడ్డొచ్చింది, కరెంటొచ్చింది, ఇంటింటికీ టీవీ, ప్రతి చేతిలో ఫోను. కానీ సాయంత్రమైతే నలుగురు ఒకచోట కూర్చోవడం పోయింది. వెనక వీధిలో మనిషి పోయిన సంగతి కూడా వాట్సాప్‌లో చూసి తెలుసుకోవాల్సి వస్తోంది. ఊరి పేరు తప్ప ఊరు మిగల్లేదనిపిస్తోంది. మా ఉనికి పోయినట్టేనా?

జవాబు: మాస్టారూ, మీ బాధ నిజమైనదే. అయితే అసలు ఆ నలుగురూ ఎందుకు కూర్చునేవాళ్లో ముందు చూడాలి. ఒకరంటే ఒకరికి ఇష్టం ఉండి కూర్చునేవాళ్లు సరే, కానీ దాని వెనక అవసరం చాలా ఉండేది. ఇంటి కప్పు వేసుకోవాలన్నా, పంట ఇంటికి చేరాలన్నా, అప్పు పుట్టాలన్నా, బయటి కబురు తెలియాలన్నా పక్కవాడు కావాలి. పొద్దున గట్టిగా పోట్లాడుకున్నా వారం తిరక్కుండా మళ్లీ వాడి గడప తొక్కక తప్పదు కాబట్టి ఎలాగోలా సర్దుకుపోయేవాళ్లు. యంత్రం, జీతం, బ్యాంకు వచ్చాక ఆ అవసరం ఒక్కొక్కటిగా తీరిపోయింది, అవసరంతో పాటే అది పట్టి ఉంచిన బంధమూ వదులైంది. మనం టీవీని తిడతాం గానీ టీవీ వచ్చేనాటికే ఆ పని సగం అయిపోయి ఉంటుంది.

జపాన్‌లో షిరకావా-గో అని ఒక కొండలోయ ప్రాంతం ఉంది. విపరీతంగా మంచు పడే చోటు, అందుకని ఇళ్ల కప్పులు రెండు చేతులు జోడించి నమస్కారం పెట్టినట్టు నిటారుగా ఉంటాయి, పైన మందంగా గడ్డి. ఆ గడ్డిని ముప్ఫై నలభై ఏళ్లకోసారి పూర్తిగా మార్చాలి. ఒక కుటుంబం వల్ల అయ్యే పని కాదది. వందా రెండొందల మంది వచ్చి, కొందరు కప్పు మీద వరసగా నిలబడి గడ్డి కడుతుంటే కొందరు కింది నుంచి మోపులు అందిస్తూ, మిగతావాళ్లు అందరికీ వండిపెడుతూ ఒకటి రెండు రోజుల్లో ముగించేవాళ్లు, ఇవాళ నీ ఇంటికి నేనొస్తే రేపు నా ఇంటికి నువ్వు అన్న లెక్క మీద. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఆ లోయలో డ్యాములు కట్టారు, కొన్ని పల్లెలు నీట మునిగాయి, జనం పట్నాలకు పోయారు, ఎన్నో ఇళ్లు అమ్ముడుపోయాయి. అప్పుడు, 1971లో, ఓగిమాచి అనే పల్లెవాళ్లు కూర్చుని మూడు మాటలు అనుకున్నారు: ఇళ్లు అమ్మం, అద్దెకివ్వం, కూల్చం. 1995లో యునెస్కో ఆ ఊళ్లను ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది, అంటే వాళ్లు నిర్ణయం తీసుకున్న ఇరవై నాలుగేళ్లకు. ఆ ఇళ్లలో కరెంటు ఉంది, ఫోన్లున్నాయి, బయట కార్లు ఆగి ఉంటాయి. కూలి తీసుకుని కప్పు వేసే పనివాళ్లూ వచ్చారు, టూరిస్టుల రద్దీతో కొత్త తలనొప్పులూ వచ్చాయి. అయినా ఆ ఊరు ఊరుగానే ఉంది. ఏది ఉంచుకోవాలి, ఏది వదిలేయాలి అని ఊరంతా ఒకచోట కూర్చుని తేల్చుకోగలిగింది కాబట్టే ఉంది.

నాకు తెలిసి ఉనికి అంటే ఆ తేల్చుకునే శక్తే. పాట, పండగ, కట్టు, బొట్టు ఇవన్నీ దాని తర్వాతే వస్తాయి. అందుకే మీ ఉత్తరంలో నన్ను కలవరపెట్టింది టీవీల సంగతి కాదు, కూర్చునే చోటు పోయిందన్న మాట. ఈరోజుకీ ఊరందరికీ ఉమ్మడిగా మిగిలిన అవసరాలు కొన్ని ఉంటాయి: నీళ్లు, చెత్త, బడి, ఒంటరిగా మిగిలిపోయిన ముసలివాళ్లు. ఊరికే కబుర్లకు రమ్మంటే రాని జనం వీటిలో ఒకదాని కోసం పిలిస్తే వస్తారు. మీరు టీచర్‌గా పనిచేసిన మనిషి, మీరు పిలిస్తే ఇంకా వస్తారు.

ప్రశ్న: మా అత్తగారు, ఆవిడ తోటివాళ్లు ఎప్పుడు చూసినా ఆ రోజులే వేరంటారు. బావి దగ్గర కబుర్లు, తిరగలి దగ్గర పాటలు అని. నాకు మాత్రం ఇంట్లోకి కుళాయి వచ్చిన రోజు కళ్లలో నీళ్లు తిరిగాయి, సంతోషంతో. ఇలా అనుకోవడం సంప్రదాయం మీద గౌరవం లేకపోవడమా?

జవాబు: కాదమ్మా, ఎంత మాత్రం కాదు. 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ కలిసి ఇచ్చిన లెక్క ప్రకారం, ఇంటి ఆవరణలో నీళ్లు లేని ప్రతి 10 ఇళ్లలో 7 ఇళ్లకు నీళ్లు మోసేది ఆడవాళ్లు, ఆడపిల్లలే. బావి దగ్గర పాటల గురించి కమ్మగా రాసినవాళ్లలో బిందె ఎత్తినవాళ్లు ఎంతమందో నాకు అనుమానమే. నడుం నొప్పులు, బడి మానేసిన పిల్లలు, నిండు చూలాలు కూడా బిందెతో నడవాల్సి రావడం, ఇవి పాత ఊరి లెక్కలోకి రావాలా వద్దా? తప్పకుండా రావాలి.

అయితే మీ అత్తగారి మాటనూ తీసిపారేయకండి. చాలాచోట్ల ఆడవాళ్లు ఎవరి అనుమతీ అడక్కుండా గడప దాటి ఒక గంట తమ ఈడువాళ్లతో మాట్లాడుకోవడానికి దొరికిన ఒకే ఒక్క సాకు నీళ్లు. ఇంట్లోకి కుళాయి వచ్చి చాకిరీ పోయింది, ఆ గంట కూడా పోయింది. ఆవిడ బెంగ ఆ గంట మీద అయి ఉంటుంది, బిందె మీద కాకపోవచ్చు.

ఈ రెండింటినీ విడదీయగలిగిన ఆడవాళ్ల కథ ఒకటి చెబుతాను. దక్షిణ కొరియాలో జెజూ అనే దీవి ఉంది. అక్కడ హేన్యో అనే ఆడవాళ్లు ఆక్సిజన్ సిలిండర్ లేకుండా, ఊపిరి బిగబట్టి సముద్రం అడుగుకు వెళ్లి నత్తలు, గుల్లలు, నాచు ఏరుకొస్తారు. పైకి తేలగానే ఈల వేసినట్టు ఒక చప్పుడుతో ఊపిరి వదులుతారు, ఒడ్డున ఉన్నవాళ్లు ఆ చప్పుడును బట్టి ఫలానా ఆవిడ తేలిందని గుర్తుపడతారట. పూర్వం నూలు బట్టలతో దిగేవాళ్లు, చలికి ఎక్కువసేపు ఉండలేకపోయేవాళ్లు. ఒడ్డున నల్లరాళ్లతో గుండ్రంగా గోడ పేర్చి, మధ్యలో మంట వేసుకునే చోటును బుల్తోక్ అంటారు. అక్కడే బట్టలు మార్చుకోవడం, చలి కాచుకోవడం, బిడ్డకు పాలివ్వడం, ఎవరెవరు ఎప్పుడు దిగాలో మాట్లాడుకోవడం. కూర్చునే వరస కూడా అనుభవాన్ని బట్టే, బాగా ఆరితేరిన పెద్దవాళ్లకు పొగ తగలని చోటు, కొత్తగా నేర్చుకునే పిల్లలు ఆ తర్వాత.

1970ల్లో రబ్బరు సూట్లు వచ్చాయి. దాంతో గంటల తరబడి నీళ్లలో ఉండగలిగారు. సౌకర్యమే, కానీ అలా అందరూ పూటంతా ఏరుతూ పోతే సముద్రంలో ఏం మిగులుతుంది? సూటు తీసుకున్నారు గానీ ఆక్సిజన్ సిలిండర్ వద్దనుకున్నారు. ఏ కాలంలో ఏది ముట్టుకోకూడదు, ఎంత పరిమాణం కంటే చిన్నవి వదిలేయాలి, ఎన్ని గంటలు దిగాలి అని సంఘంగా కట్టుబాట్లు పెట్టుకున్నారు. వేణ్నీళ్ల స్నానాల గదులు కట్టాక బుల్తోక్‌లు చాలావరకు ఖాళీ అయ్యాయి, కానీ మాట్లాడుకోవడం ఆ గదుల్లో కొనసాగింది. 2016లో యునెస్కో వాళ్ల సంస్కృతిని తన జాబితాలో చేర్చింది. ఇప్పుడు మిగిలినవాళ్లలో ఎక్కువమంది అరవై దాటినవాళ్లే, పిల్లలు పట్నంలో ఉద్యోగాలకు పోయారు, దాన్ని ఎవరూ తప్పుపట్టలేరు. కానీ వాళ్లు ఉన్నన్నాళ్లు ఏ పరికరం తీసుకోవాలో, ఏది వద్దనాలో తామే తేల్చుకున్నారు. కాబట్టి అమ్మా, కుళాయి ఉండాల్సిందే. ఆ పోయిన గంటను మాత్రం మీరూ మీ అత్తగారూ కలిసి వెనక్కి తెచ్చుకోండి, ఈసారి బిందె లేకుండా.

ప్రశ్న: ఇంజనీర్‌ని. మీ పత్రికలో సంస్కృతి, మూలాలు అని తరచూ రాస్తుంటారు. రోడ్లు, డ్యాములు, పక్కా ఇళ్లు లేకుండా ఏ పల్లె బాగుపడింది చెప్పండి. ముందు కడుపు నిండాలి, ఈ కబుర్లన్నీ తర్వాత.

జవాబు: కడుపు నిండాలన్న దగ్గర మీకూ నాకూ తగువు లేదు సార్. "తర్వాత" అన్నారు చూడండి, తగువంతా అక్కడే.

1970లో దక్షిణ కొరియా అధ్యక్షుడు పార్క్ చుంగ్-హీ పల్లెల బాగు కోసం సెమాయుల్ ఉద్యమం మొదలుపెట్టారు. దేశంలోని దాదాపు 33 వేల పల్లెలకు తలా 335 బస్తాల సిమెంటు ఉచితంగా పంపారు, ఊరుమ్మడి పనికే వాడాలని షరతు పెట్టి. బాగా వాడుకున్న ఊళ్లకు మరుసటి ఏడాది ఇంకొన్ని బస్తాలు, ఇనుము. దారులు వెడల్పయ్యాయి, వంతెనలు లేచాయి, కరెంటు వచ్చింది, పల్లెల ఆదాయం పెరిగింది. ఇదంతా నిజంగా గొప్ప పని, కాదనేవాళ్లు ఎవరూ లేరు.

కానీ అదే ఊపులో గడ్డి ఇళ్లంటే వెనకబాటుతనం అన్నారు, కప్పులు పీకించి రేకులు వేయించారు, ఆ రేకుల్లో చాలావాటిలో ఆరోగ్యానికి చేటు చేసే ఆస్బెస్టాస్ ఉందని దశాబ్దాల తర్వాత ప్రభుత్వమే డబ్బిచ్చి మళ్లీ తీయించాల్సి వచ్చింది. ఊరి దేవతల గుళ్లు మూఢనమ్మకం అన్నారు, చాలాచోట్ల పడగొట్టారు, పూజ చేసే షమాన్లను వేధించారు. తర్వాత ఏమైందో చూడండి. జెజూ దీవిలో షమాన్లు గాలి దేవతకు చేసే క్రతువును 1980లో అదే దేశపు ప్రభుత్వం ముఖ్యమైన సాంస్కృతిక సంపదగా ప్రకటించింది, 2009లో అది యునెస్కో జాబితాకూ ఎక్కింది. నిన్నటి దాకా మూఢత్వం, ఇవాళ్టి నుంచి సంపద. రెండుసార్లూ ముద్ర వేసింది పైవాళ్లే. ఆ గుడి ముందు దండం పెట్టుకున్న ముసలమ్మను రెండుసార్లూ ఎవరూ అడగలేదు. ఇందాక మాస్టారికి చెప్పిన ఓగిమాచి గడ్డి కప్పుల నిర్ణయం కూడా 1971లోదే, పక్కపక్క దేశాలు, ఇంచుమించు ఒకే కాలం, ఒకచోట పైవాళ్ల మాటకు కప్పు పోయింది, ఇంకోచోట ఊరి మాట మీద నిలిచింది.

డ్యాము అన్నారు కదా, బ్రిటన్‌లో భాగమైన వేల్స్ సంగతి వినండి. కపెల్ కెలిన్ అని, అక్కడి సొంత భాష వెల్ష్ మాట్లాడే చిన్న పల్లె ఉండేది. ఇంగ్లండ్‌లోని లివర్‌పూల్ నగరానికి నీళ్లు కావాలని ఆ లోయలో రిజర్వాయర్ కడతామన్నారు. 1957లో బ్రిటిష్ పార్లమెంటు చట్టం చేసింది, వేల్స్ ఎంపీల్లో ఒక్కరు కూడా దానికి అనుకూలంగా ఓటేయలేదు, అయినా ఆమోదం పొందింది. 1965 నాటికి బడి, ప్రార్థనా మందిరం, పోస్టాఫీసు, ఇళ్లు, పొలాలు నీళ్ల కిందికి పోయాయి. 48 మంది ఇళ్లు పోగొట్టుకున్నారు. ఇంజనీరింగ్ లెక్కలో 48 మంది అంటే లెక్కలోకే రారు, నాకు తెలుసు. కానీ ఆ పల్లె మునిగిన కోపం వేల్స్ రాజకీయాలనే మార్చింది, నలభై ఏళ్ల తర్వాత, 2005లో, లివర్‌పూల్ నగర మండలి క్షమాపణ చెప్పుకుంది. ట్రివెరిన్‌ను, అంటే ఆ లోయను, మరిచిపోవద్దని ఒక పాత గోడ మీద రాసిన మాటను ఈనాటికీ అక్కడి జనం చెరిగిపోయినప్పుడల్లా తిరిగి రాస్తున్నారు. లివర్‌పూల్‌కు నీళ్లు అక్కర్లేదని నేననను. అడగకుండా తీసుకున్నవాటి బాకీ ఇలాగే ఉండిపోతుందంటున్నాను, అంతే. మీ చేతిలో ప్రాజెక్టులుంటాయి కాబట్టి మీతో ఇంత గట్టిగా చెబుతున్నాను. మ్యాపు గీశాక పెట్టే సమావేశం వేరు, గీయకముందు పెట్టేది వేరు.

ప్రశ్న: మా దగ్గర యంత్రాలు కొనగలిగిన నలుగురు రైతులు బాగుపడ్డారు. మిగతావాళ్లం పనుల్లేక పట్నం బాట పట్టాం. ఆధునికత అందరిదీ అంటారు, మాకెందుకు అందలేదు?

జవాబు: అన్నా, ఇది మీ ఒక్క ఊరి గోడు కాదు. ఫిన్లాండ్ ఉత్తరాన సెవెట్టియార్వి అనే చోట స్కోల్ట్ సామీ అనే తెగవాళ్లు రెయిన్‌డీర్ మందల మీద బతికేవాళ్లు. బండి లాగేవి అవే, తిండి అవే, బట్ట అవే. ప్రతి కుటుంబానికీ మచ్చికైన రెయిన్‌డీర్లు ఉండేవి, ఇంచుమించు అందరిదీ ఒకే స్థాయి. 1960ల్లో మంచు మీద నడిచే మోటారు బండ్లు వచ్చాయి. సరుకులకు వెళ్లి రావడానికి రెయిన్‌డీర్ బండి మీద మూడు రోజులు పట్టేది, మోటారు బండి మీద ఐదు గంటలు. ఎవరు వద్దంటారు? కొద్ది ఏళ్లలోనే దాదాపు అందరూ కొన్నారు. కానీ బండికి పెట్రోలు కావాలి, విడిభాగాలు కావాలి, అంటే నగదు కావాలి, నగదు కోసం మంద అమ్మాలి. మనిషి దగ్గరుండి మేపడం పోయి మోటారు చప్పుడుతో తరమడం మొదలయ్యాక జంతువులు బెదిరి అడవి పట్టాయి, మందలు తగ్గాయి. కొద్దిమంది పెద్ద మందలతో నిలిచారు, ఎక్కువ కుటుంబాలు మంద వదిలేసి కూలికీ సర్కారు సాయానికీ మళ్లాయి. ఎప్పుడూ ఎరగని ఎక్కువ తక్కువలు ఆ ఊళ్లోకి ఒక్క దశాబ్దంలో వచ్చి కూర్చున్నాయి.

యంత్రం చెడ్డదని దీనర్థం కాదు. దాన్ని ఎవరికి వాళ్లు ఒంటరిగా అప్పు చేసి కొనుక్కోవాల్సి రావడమే దెబ్బ కొట్టింది. నలుగురైదుగురు కలిసి ఒక యంత్రం తీసుకుని వంతులు వేసుకునే పద్ధతి, సహకార సంఘం పద్ధతి, ప్రపంచంలో చాలాచోట్ల చిన్న రైతును నిలబెట్టింది. కానీ దానికి మళ్లీ కూర్చుని మాట్లాడుకోవడం కావాలి, లెక్క పుస్తకం అందరి ముందూ తెరిచి ఉండాలి, వంతు తప్పినవాణ్ని అడిగే ధైర్యం ఉండాలి. ఇది చెప్పినంత తేలిక కాదని నాకు తెలుసు.

ప్రశ్న: అమెరికాలో ఆమిష్ అనేవాళ్లు కార్లు, కరెంటు వాడరట. అది చాదస్తం కాదా?

జవాబు: వాళ్లు అన్నింటినీ కాదంటారన్నది అపోహ. ఇరవై, ముప్ఫై, నలభై కుటుంబాలు ఒక సంఘంగా ఉంటాయి, ఏ వస్తువు వాడొచ్చో ఏది వద్దో ఆ సంఘమే నిర్ణయిస్తుంది, అందుకే ఒక సంఘానికీ పక్క సంఘానికీ తేడాలుంటాయి. చాలాచోట్ల ఫోను ఇంట్లో పెట్టుకోరు, దారి చివర చిన్న గదిలో ఇరుగుపొరుగు అందరికీ కలిపి ఒకటి పెడతారు. అవసరానికి ఫోను ఉంది, ఇంట్లో మాటల మధ్యలోకి మాత్రం రాదు. వాళ్ల కట్టుబాట్లలో నాకు నచ్చనివి చాలా ఉన్నాయి, ముఖ్యంగా పిల్లల్ని ఎనిమిదో తరగతితో ఆపేయడం. కానీ ఒక వస్తువు ఇంట్లోకి వచ్చే ముందు "ఇది వస్తే మన మధ్య ఏం మారుతుంది" అని అడగడం చాదస్తం కాదు. మనం ఆ ప్రశ్న వేసుకోవడమే మానేశాం.

ప్రశ్న: మా తాతలు పుట్టుకతో అంటగట్టిన పని చేసి బతికారు. నేను పట్నంలో పుట్టాను, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఆ పని నాకు రాదు, రావాలనీ లేదు. ఊరు వెళ్తే "నీకు మన సంస్కృతి తెలియదు" అంటారు. నేను ఏ ఊరివాణ్ని?

జవాబు: తమ్ముడూ, ఊరి మీద బెంగ అందరికీ ఒకేలా ఉండదు. ఊరి నడిబొడ్డున ఇల్లు ఉన్నవాడి జ్ఞాపకం వేరు, ఊరి చివర ఉన్నవాడి జ్ఞాపకం వేరు. 1948 నవంబర్ 4న రాజ్యాంగ సభలో అంబేద్కర్ ఈ మాటే సూటిగా అడిగారు. సంకుచితత్వానికి, అజ్ఞానానికి, ఇరుకు బుద్ధికి, మతతత్వానికి నిలయం కాకపోతే ఊరంటే ఇంకేమిటని. అప్పట్లో ఊరిని ఆదర్శంగా కొలిచేవాళ్లకు ఆ మాట చేదుగా తగిలింది. ఇప్పటికీ తగులుతుంది, తగలాలి కూడా. మీ తాతను ఆ పనిలోంచి బయట పడేసింది రైలు, బడి, పట్నం, జీతం. అందుకని ఆధునికతకు మీరు రుణపడి ఉన్నామనుకుంటే అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

ఇక ఏ ఊరివాణ్ని అన్న ప్రశ్న. న్యూజిలాండ్ మూలవాసులైన మావోరీలు రెండో ప్రపంచ యుద్ధం దాకా ఎక్కువమంది పల్లెల్లోనే ఉండేవాళ్లు. ఒక్క తరం తిరిగేసరికి చాలామంది పట్నాలకు చేరారు. పిల్లలకు భాష పోతోందని, తమ తెగ సభాప్రాంగణం, మరాయే అంటారు, ఎక్కడో దూరాన ఉండిపోయిందని బాధపడి ఊరుకోలేదు. పట్నంలోనే కొత్త మరాయేలు కట్టుకున్నారు, ఏ తెగవాళ్లైనా రావొచ్చని తలుపులు తెరిచారు. 1982లో వెల్లింగ్టన్ దగ్గర మొదటి కొహాంగ రియో మొదలుపెట్టారు. అది చిన్నపిల్లల బడి, అక్కడ అమ్మమ్మలు, తాతయ్యలు కూర్చుని పసివాళ్లతో మావోరీలోనే మాట్లాడతారు. ఐదేళ్లకు, 1987లో, ఆ భాషకు అధికార హోదా వచ్చింది. చూడండి, వాళ్లు ఊరికి తిరిగి వెళ్లలేదు, తమకు కావాల్సింది ఎంచుకుని వెంట తెచ్చుకున్నారు. మీ తాత పని మీకు అక్కర్లేదు, కానీ ఆయన మాట, ఆయన ఎలా బతికారో ఆ కథ, అవమానాలతో సహా, మీవే. "నీకు సంస్కృతి తెలియదు" అన్నవాళ్లను ఎవరి సంస్కృతి అని నెమ్మదిగా అడగండి.

ప్రశ్న: మా జాతర ఇప్పుడు టూరిజం ప్రోగ్రాం అయిపోయింది. తెల్లారుజామున జరిగేదాన్ని కెమెరాల కోసం సాయంత్రానికి మార్చారు. డబ్బు వస్తోంది, మనసు రావడం లేదు. ఏం చేయాలి?

జవాబు: ఇండోనేషియాలోని బాలీ దీవిలో ఇదే చిక్కు వచ్చింది. టూరిస్టులు పెరిగేకొద్దీ గుడిలో దేవుడి ముందు ఆడే నాట్యాలను హోటళ్లలో ఆడించడం మొదలైంది. 1971లో అక్కడి పండితులు, కళాకారులు, అధికారులు కూర్చుని తమ నాట్యాలను మూడు తరగతులుగా విడదీశారు: గుడి లోపల క్రతువుగా మాత్రమే ఆడేవి, ఉత్సవంలో భాగంగా ఆడేవి, కేవలం వినోదానికి ఆడేవి. మొదటిరకం అమ్మకానికి లేదన్నారు. టూరిస్టులకు స్వాగతం పలకడానికి గుడి నాట్యం బదులు విడిగా కొత్తది ఒకటి కూర్చారు. ఆ గీత ఎప్పుడూ చెక్కుచెదరకుండా నిలిచిందని చెప్పలేం, టూరిస్టుల కోసం కట్టిన ఆ నాట్యం తర్వాత గుడిలోకి కూడా వెళ్లింది. కానీ గీత గీసింది వాళ్లే.

మీరూ అదే చేయండి. చూడ్డానికి వచ్చేవాళ్ల కోసం సాయంత్రం ఏదైనా పెట్టుకోండి, డబ్బు అవసరమే, కళాకారుడికి సరైన కూలి దక్కాలి. తెల్లారుజాముది మాత్రం తెల్లారుజామునే, కెమెరాలు లేకుండా, మీ కోసం జరుపుకోండి. ఆ సమయానికి ఎంతమంది లేచి వస్తారో చూస్తే జాతర ఇంకా ఎంత మీదో తెలిసిపోతుంది.

ప్రశ్న: డిగ్రీ చదువుతున్నాను. మా ఊరి పాత సంగతులు ఫోన్లో రికార్డు చేయాలనుంది. ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: చాలా మంచి పని తల్లీ, సెలవుల దాకా ఆగకుండా ఈ వారమే మొదలుపెట్టు. అందరూ ముందు ఊరి పెద్దల దగ్గరికి, బాగా మాట్లాడేవాళ్ల దగ్గరికి వెళ్తారు. నువ్వు మాత్రం వేరే ఊరి నుంచి కోడలిగా వచ్చిన ముసలమ్మలతో మొదలుపెట్టు. ఇక్కడే పుట్టినవాళ్లకు ఇక్కడి అలవాట్లు గాలి పీల్చినంత మామూలు, వాటిని చెప్పాలని కూడా తోచదు. బయటి నుంచి వచ్చినావిడకు మొదటి ఏడాది ఏం వింతగా అనిపించిందో, ఏ మాటకు నవ్వారో, ఏ పద్ధతి నేర్చుకోలేక ఏడ్చిందో అన్నీ గుర్తుంటాయి. అవన్నీ నీ ఊరి ఆనవాళ్లే.

పాటలు, కథలు ఒక్కటే అడక్కు. పొలాల పేర్లు, మళ్ల పేర్లు, గట్ల పేర్లు అడుగు, అవి కాగితం మీద లేకుండా పోయేవి. నీళ్లు ఎలా పంచుకునేవాళ్లో, తగువు వస్తే ఎవరు తీర్చేవారో, ఎవరిని కూర్చోనిచ్చేవారు ఎవరిని నిలబెట్టేవారో అడుగు. ఆ రోజుల్లో దేన్ని తలుచుకుంటే ఇప్పటికీ భయమేస్తుందో కూడా అడుగు, చాలామంది ఈ ప్రశ్న వేయరు. మంచి చెడూ రెండూ ఒకే గొంతులో వస్తే వినేవాళ్లు నమ్ముతారు.

రికార్డు నొక్కే ముందు ఎందుకు చేస్తున్నావో చెప్పి అనుమతి అడుగు. కొన్ని పాటలు బయటివాళ్లకు వినిపించకూడనివి ఉంటాయి, కొన్ని కుటుంబ సంగతులు ఆవిడ పోయాక కూడా బయటికి రాకూడనివి ఉంటాయి, వద్దంటే ఆపేయి. ప్రతి ఫైలుకూ పేరు, తేదీ, ఊరు రాసి పెట్టు, లేకపోతే రెండేళ్లలో ఏది ఎవరి గొంతో నీకే తెలియదు. ఫోన్ ఒక్కటే నమ్ముకోకు, రెండు మూడు చోట్ల కాపీలు ఉంచు, ఒకటి ఊరి బడికో లైబ్రరీకో ఇవ్వు. ఇంటర్నెట్‌లో పెట్టాలనుకుంటే ముందు ఆ మాట్లాడినావిడ పక్కన కూర్చుని మొత్తం వినిపించు. ఇక్కడ తప్పు చెప్పాను, ఇది తీసెయ్, అది ఇంకోలా జరిగింది అని తప్పకుండా అంటారు. ఆ దిద్దుబాట్లను కూడా రికార్డు చేసి, అదే ఫైలుకు జత చేసి ఉంచు.